పొద్దున్నే సిస్టం "అకౌంట్ లాక్ అయింది" అంటోంది, ఎవరూ ముట్టుకోలేదు. ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేం బెంగళూరు కేఆర్ పురంలో ఉంటాం. మా వారు ఇంట్లోనే జీఎస్టీ రిటర్నులు, ట్యాలీ పని చేస్తారు. పది పన్నెండు షాపుల లెక్కలన్నీ హాల్లో ఉన్న సిస్టంలోనే ఉంటాయి. ఊరెళ్లినా ల్యాప్‌టాప్‌తో అందులోకి వెళ్లి పని చేసుకుంటారు కాబట్టి దాన్ని రాత్రి కూడా ఆపం. వారం రోజులుగా పొద్దున్నే పాస్‌వర్డ్ కొడితే అకౌంట్ లాక్ అయింది, కాసేపాగి రండి అని వస్తోంది. కాసేపాగితే తీసుకుంటుంది. పై అంతస్తులో పీజీ పిల్లలున్నారు, వాళ్లకి మా వైఫై పాస్‌వర్డ్ తెలుసు. మా వారికి వాళ్ల మీదే అనుమానం. 20వ తేదీ లోపు జీఎస్టీ 3బీ రిటర్నులు వేయాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
వైఫై పాస్‌వర్డ్ మార్చేయండి మేడమ్. వైఫై పేరు కూడా బయటికి కనబడకుండా హైడ్ చేసేయండి. సరిపోతుంది.

ఇంకొకరి జవాబు:
అక్కా, వైఫై సంగతి తర్వాత చూద్దాం. మీ వారు ఊరి నుంచి సిస్టంలోకి ఎలా వెళ్తారు? రిమోట్ డెస్క్‌టాప్‌లో ఐపీ నంబరు కొట్టి నేరుగా వెళ్తారా? దానికోసం నెట్ వాళ్ల దగ్గర స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పుడూ మారని ఐపీ నంబరు, తీసుకున్నారా?

అడిగినవారు:
అవును తమ్ముడూ. స్టాటిక్ ఐపీకి విడిగా డబ్బు కడుతున్నాం. సిస్టం పెట్టిన అబ్బాయి రౌటర్‌లో 3389 పోర్ట్ ఓపెన్ చేశానని చెప్పాడు.

జవాబు:
అయితే పీజీ పిల్లల్ని ఇప్పుడే ఏమీ అనకండి. పోర్ట్ అంటే సిస్టంలోకి వెళ్లే తలుపు నంబరు లాంటిది, 3389 రిమోట్ డెస్క్‌టాప్‌ది. రౌటర్‌లో అది తెరిస్తే ఇంటర్నెట్‌లో ఎవరైనా వచ్చి తట్టొచ్చు. ముందు ఒకటి చూడండి. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని కొడితే ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఎడమవైపు విండోస్ లాగ్స్, దాని కింద సెక్యూరిటీ ఉంటాయి. కుడివైపు ఫిల్టర్ కరెంట్ లాగ్ నొక్కి 4625 అని ఇవ్వండి. తప్పు పాస్‌వర్డ్ పడిన ప్రతిసారీ విండోస్ ఈ నంబరుతో ఒక లైను రాసి పెట్టుకుంటుంది. ఏదైనా లైను తెరిచి కిందికి వెళ్తే సోర్స్ నెట్‌వర్క్ అడ్రస్ అని కనిపిస్తుంది. అది 192.168తో మొదలైతే కొట్టినది మీ ఇంటి వైఫైలో ఉన్నవాళ్లే. 127.0.0.1 అని గానీ ఉత్త గీత గానీ ఉంటే ఆ సిస్టం దగ్గరే పడినది. వేరే నంబరైతే చాలావరకు ఇంటి బయటివాళ్లు.

కొత్త విండోస్ 11 సిస్టంలలో పదిసార్లు పాస్‌వర్డ్ తప్పితే ఆ అకౌంట్ పది నిమిషాలు లాక్ అవుతుంది. మీకు పొద్దున్నే కనబడుతున్నది అదే అనుకుంటున్నాను.

అడిగినవారు:
చూశాం. లైన్లు కిందికి జరుపుతుంటే అయిపోవట్లేదు. రాత్రి రెండు గంటలకు నిమిషానికి మూడు నాలుగు ఉన్నాయి. ఒక్కటి కూడా 192.168 కాదు. యూజర్ పేర్లలో టెస్ట్, యూజర్, అకౌంట్స్, అడ్మిన్ అని ఉన్నాయి. మా వారి లాగిన్ పేరు అడ్మినే! కేఆర్ పురంలో ఒక మూల ఇల్లు మాది. మా గురించి ఎవరికి తెలుసు?

జవాబు:
మీరెవరో వాళ్లకి తెలియదక్కా, తెలియాల్సిన పని కూడా లేదు. పాత పద్ధతి ఐపీ నంబర్లు ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 430 కోట్లు. మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 2013లో జీమ్యాప్ అనే ప్రోగ్రాం రాశారు. మంచి స్పీడున్న కనెక్షన్ ఉంటే ఒక్క కంప్యూటర్‌తోనే, ఒక పోర్ట్ ఎక్కడెక్కడ తెరిచి ఉందో మొత్తం ఇంటర్నెట్ అంతా 45 నిమిషాల లోపే వెతికేస్తుంది. వీధిలో ప్రతి గేటూ తోసి చూసుకుంటూ పోయే మనిషి లాంటిది. మీ గేటు తెరిచి ఉంది, ఇప్పుడు లోపలి తలుపు తాళానికి ఒక్కో చెవీ పెట్టి చూస్తున్నారు.

ఇది మా ఇంట్లో జరిగింది కాబట్టే ఇంత ఆత్రంగా రాస్తున్నాను. మా బావకి మందుల షాపు ఉంది. బిల్లింగ్ సిస్టంకి ఇలాగే 3389 తెరిచి పెట్టారు. ఒక ఆదివారం వెళ్లి చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా ఏవో పిచ్చి అక్షరాలు, డబ్బు కడితేనే తెరుస్తామని ఒక నోట్. బ్యాకప్ పెన్‌డ్రైవ్ ఉంది కానీ అది సిస్టంకే గుచ్చి ఉంది, దాంట్లోవీ పోయాయి. మా అక్క, నేను రాత్రిళ్లు కూర్చుని మూడు నెలల కొనుగోలు బిల్లులు ఒక్కొక్కటే మళ్లీ ఎక్కించాం. మీకు ఆ కష్టం రాకూడదు.

మొదట జవాబిచ్చినవారు:
3389 బదులు వేరే నంబరు పెట్టుకుంటే చాలదా? మా ఆఫీసులో 5 వేల చిల్లర ఏదో పెట్టారు.

జవాబు:
చాలదండీ. వెతికేవాళ్లు ఒక్క 3389తో ఆగరు. నంబరు మారితే రద్దీ తగ్గుతుంది, తలుపు మాత్రం తెరిచే ఉంటుంది. పాస్‌వర్డ్ గట్టిగా ఉన్నా ఒక్కోసారి లాభం లేదు. 2019 మే నెలలో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాస్‌వర్డ్‌తో పని లేకుండానే పాత విండోస్‌లలోకి ఈ రిమోట్ డెస్క్‌టాప్ గుండా దూరొచ్చు. ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పుడు ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇచ్చిందంటే అది ఎంత పెద్దదో చూడండి.

అక్కా, ఈ రాత్రికే చేయండి. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే చాలా రౌటర్లకు అడ్మిన్ పేజీ వస్తుంది, రాకపోతే రౌటర్ అడుగున స్టిక్కర్ మీద అడ్రస్ ఉంటుంది. అందులో పోర్ట్ ఫార్వర్డింగ్ అని గానీ వర్చువల్ సర్వర్ అని గానీ ఉంటుంది. 3389 ఉన్న లైను తీసేయండి. యూపీఎన్‌పీ ఆపేయండి. అది ఉంటే ఇంట్లో ఏ కెమెరా అయినా, ఏ ప్రోగ్రాం అయినా మిమ్మల్ని అడగకుండా రౌటర్‌లో పోర్ట్ తెరుచుకోగలదు. బయటి నుంచి రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ కూడా ఆఫ్. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద ఉన్నదే అయితే మార్చండి. తర్వాత ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద మీ స్టాటిక్ ఐపీని బ్రౌజర్‌లో కొట్టి చూడండి. రౌటర్ లాగిన్ పేజీ గానీ కెమెరా పేజీ గానీ వచ్చిందంటే అది లోకమంతటికీ కనబడుతున్నట్టే. రిమోట్ డెస్క్‌టాప్ బ్రౌజర్‌లో కనబడదు కాబట్టి దాన్ని ల్యాప్‌టాప్‌తో హాట్‌స్పాట్ మీద ప్రయత్నించండి. ఇప్పుడు కనెక్ట్ కాకూడదు.

అడిగినవారు:
తీసేశాం, బయటి నుంచి వెళ్లట్లేదు. కానీ వచ్చే వారం మా వారు నెల్లూరు వెళ్లాలి. అక్కడి నుంచి పనెలా?

జవాబు:
వీపీఎన్ మీద, అంటే ఇంటర్నెట్ గుండా మీ ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసి ఉన్న సొంత దారి. మీ రౌటర్ మెనూలో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఉందేమో చూడండి. తాళంచెవి లేనివాడు ఎంత తట్టినా అది అసలు జవాబే ఇవ్వదు, అక్కడ ఏదో ఉందన్న సంగతే తెలియనివ్వదు. లేకపోతే సిస్టంలో, ల్యాప్‌టాప్‌లో టెయిల్‌స్కేల్ అనే ప్రోగ్రాం వేసుకోండి, లోపల వాడేది వైర్‌గార్డే. దానికి రౌటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు, స్టాటిక్ ఐపీ కూడా అక్కర్లేదు. లాగిన్ అయ్యే మెయిల్‌కి రెండంచెల వెరిఫికేషన్ మాత్రం తప్పనిసరి. ఆ తర్వాత రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగానే వాడుకోవచ్చు.

పీజీ పిల్లలకు గెస్ట్ వైఫై ఇవ్వండి. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, వాళ్ల ఫోన్లలో ఏముందో వాళ్లకే తెలియదు కదా. పాస్‌వర్డ్ బదులు బటన్‌తో గానీ పిన్‌తో గానీ వైఫైలో చేరనిచ్చే డబ్ల్యూపీఎస్ ఆపేయండి. దాని పిన్ ఎనిమిది అంకెలదే అయినా, రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె లెక్కతో వచ్చేది. అందుకని 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపెట్టారు. పేరు హైడ్ చేయడం వల్ల మాత్రం ఒరిగేదేమీ లేదు, మీ ఫోనే ఆ పేరును పిలుస్తూ తిరుగుతుంది.

అడిగినవారు:
రాత్రి ఏడు గంటల నుంచి 4625 లైను ఒక్కటీ పడలేదు! మా వారు ముందు పైకి వెళ్లి ఆ పిల్లలతో మాట్లాడి వచ్చారు. ఇంతకుముందే ఎవరైనా లోపలికి వచ్చారేమో ఎలా తెలుస్తుంది?

జవాబు:
అదే ఫిల్టర్‌లో 4624 ఇవ్వండి, అవి లోపలికి వెళ్లగలిగిన లాగిన్లు. లాగాన్ టైప్ 10 ఉన్నవి బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో వచ్చినవి. ఆ తేదీలు, టైములు మీ వారు ఊరెళ్లి అక్కడి నుంచి పని చేసిన రోజులతో సరిపోతున్నాయా చూడండి. సెట్టింగ్స్‌లో మీరు పెట్టని యూజర్ ఎవరైనా ఉన్నారా కూడా చూడండి. పాత లైన్లు కొన్నాళ్లకి చెరిగిపోతాయి కాబట్టి ఇవాళే చూడాలి. ఒక్కటైనా తేడాగా ఉంటే ఆ సిస్టంలో ఇంకేమీ టైప్ చేయకండి. నెట్ కేబుల్ పీకి, వేరే ఫోన్ నుంచి జీఎస్టీ పోర్టల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి, డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అంతా సరిగ్గా ఉన్నా ట్యాలీ డేటా ఈ రాత్రి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, డిస్క్ పీకి బీరువాలో పెట్టండి.