పానిక్ అటాక్స్‌కు చూపించుకుంటే ఉద్యోగానికీ వీసాకూ ఇబ్బంది అవుతుందా?

సొంతూరు కర్నూలు, ఇప్పుడు రెడింగ్

అన్నలకూ అక్కలకూ నమస్కారం. స్కిల్డ్ వర్కర్ వీసా మీద యూకేకు వచ్చి ఇంకా ఏడాది కాలేదు, ప్రొబేషన్‌లో ఉన్నాను. ఆఫీసుకు రైల్లో వెళ్తుంటే ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. చేతులు తిమ్మిరెక్కుతాయి, ఊపిరి అందదు, ఇంక ప్రాణం పోతుందనిపిస్తుంది. మొదటిసారి పక్కనున్నవాళ్లు అంబులెన్స్ పిలిచారు. ఆసుపత్రిలో ఈసీజీ, రక్తపరీక్ష చేసి గుండె బాగానే ఉంది, ఇది పానిక్ అటాక్ అని చెప్పి పంపేశారు. ఆ తర్వాతా వస్తూనే ఉన్నాయి. అమ్మకు చెబితే దిష్టి తగిలింది, వచ్చేయ్ నాయనా అంటోంది. ఇక్కడ మానసిక వైద్యానికి వెళ్తే హెచ్ఆర్‌కు తెలిసిపోతుందా? వీసా రెన్యువల్‌లో అడుగుతారా?

సొంతూరు ప్రొద్దుటూరు, ఇప్పుడు స్లౌ

తమ్ముడూ, ముందు జీపీ, అంటే మన ఏరియా ఫ్యామిలీ డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించుకున్నావా? నువ్వు అడగలేదు గానీ అన్నిటికంటే ముందు కావలసింది అదే.

నేను వచ్చిన కొత్తలో అందరం ఒకే ఇంట్లో గదులు పంచుకుని ఉండేవాళ్లం. కరెంటు బిల్లు, కౌన్సిల్ టాక్స్ అన్నీ ఓనర్ పేరు మీదే. రాత్రుళ్లు నిద్ర లేదు, ఛాతీ పట్టేసినట్టు ఉండేది. దగ్గర్లోని సర్జరీకి (జీపీ క్లినిక్‌ను ఇక్కడ అలా అంటారు) వెళ్తే రిసెప్షన్‌లో ఆవిడ నా పేరు మీద బిల్లు తెమ్మంది. లేదన్నాను. బ్యాంకు స్టేట్‌మెంట్ తెమ్మంది. బ్యాంకుకు వెళ్తే వాళ్లూ అడ్రస్ ప్రూఫే అడిగారు. ఓనర్‌ను ఒక లెటర్ రాసివ్వమంటే, ఇంట్లో ఇంతమంది ఉన్నారని కౌన్సిల్‌కు తెలుస్తుందని రాయనన్నాడు. మళ్లీ సర్జరీకి వెళ్లాను. బిల్లు లేకుండా రావద్దని చెప్పాం కదా అంది ఆవిడ, క్యూలో అందరి ముందూ. బయటికొచ్చి బస్‌స్టాప్‌లో కూర్చుంటే కాళ్లు వణికిపోయాయి. చివరికి మా కడప ఆయనే ఒకరు చెప్పారు: జీపీ దగ్గర చేరడానికి అడ్రస్ ప్రూఫ్ గానీ, ఐడీ గానీ, వీసా కాగితాలు గానీ తప్పనిసరి కావు, అవి లేవని తిప్పి పంపకూడదు, ఇది ఎన్‌హెచ్ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) రూలే అని. మర్నాడు వెళ్లి అదే మాట నిదానంగా చెప్పాను. లోపల మేనేజర్‌ను అడిగొచ్చి పేరు నమోదుకు నింపే జీఎంఎస్1 ఫారం చేతికిచ్చింది. కాబట్టి నిన్ను ఎవరైనా తిప్పి పంపితే తలొంచుకుని వచ్చేయొద్దు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కూడా చేరొచ్చు. ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌చార్జి వీసాకు అప్లై చేసినప్పుడే కట్టి ఉంటావు. ఎవరి దయా కాదు, నీ హక్కు.

ఇంకొకటి గుర్తుపెట్టుకో. ఏడాదిలో నాలుగు వారాలకు మించి సెలవు పెడితే వీసాకు కంపెనీ ఇచ్చిన స్పాన్సర్‌షిప్ పోతుంది. ఒంట్లో బాగాలేకపోయినా ఎలాగో ఆఫీసుకు వెళ్లు.

సొంతూరు ధర్మవరం, ఇప్పుడు బర్మింగ్‌హామ్

అన్నా, ఆ చివరి మాట తప్పు. నేను ఇక్కడ నర్సుగా పనిచేస్తున్నాను, ఈ మాట నమ్మి జ్వరాలతో డ్యూటీకి వచ్చినవాళ్లను చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. నాలుగు వారాల లెక్క జీతం లేని సెలవుకు. అందులోనూ సిక్ లీవ్‌కు మినహాయింపు ఉంది. అనారోగ్యం వల్ల సెలవు పెడితే ఆ కారణంగా స్పాన్సర్‌షిప్ తీసేయనక్కర్లేదు.

తమ్ముడూ, నీ ప్రశ్నకు వస్తాను. ఇంగ్లండ్‌లో జీపీ దగ్గర పేరుంటే చాలు, ఎన్‌హెచ్ఎస్ టాకింగ్ థెరపీస్‌కు (మందుల్లేకుండా థెరపిస్ట్‌తో చేసే వైద్యం) నువ్వే నేరుగా అప్లై చేసుకోవచ్చు, డాక్టరు చీటీ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో మీ ఏరియా సర్వీసు వెతికి ఫారం నింపితే వాళ్లే ఫోన్ చేస్తారు. కొంతకాలం వెయిటింగ్ ఉంటుంది, అందుకే ఈరోజే నింపు. ఇంగ్లీషులో మనసులో మాట చెప్పుకోలేననిపిస్తే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ఆ మొదటి ఫోన్‌లోనే అడుగు, డబ్బు తీసుకోరు. జీపీని కూడా కలువు. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాంటి దడే వస్తుంది, అది చూసి పక్కన పెట్టేయడం మంచిది.

థెరపీ అంటే కూర్చోబెట్టి ధైర్యం చెప్పడం అనుకునేవు. పానిక్‌కు చేసే సీబీటీ (ఆలోచననూ అలవాటునూ మార్చే థెరపీ) అలా ఉండదు. థెరపిస్ట్ నిన్ను కుర్చీలో గిరగిరా తిరగమంటారు, ఒకేచోట పరిగెత్తమంటారు, సన్నని స్ట్రాతో నిమిషంపాటు ఊపిరి పీల్చమంటారు. దడ, ఆయాసం, కళ్లు తిరగడం అన్నీ అక్కడే, వాళ్ల ఎదుటే వస్తాయి. వచ్చి, ఏమీ కాకుండానే తగ్గిపోతాయి. అలా చేయగా చేయగా గుండె వేగంగా కొట్టుకోవడమంటే చావు కాదని ఒంటికి తెలుస్తుంది. మాటలతో చెబితే బుర్రకు ఎక్కుతుంది గానీ ఒంటికి ఎక్కదు.

మందు అవసరమైతే మామూలుగా సెర్ట్రలీన్ లాంటిది ఇస్తారు. మొదటి వారం రెండు వారాలు టెన్షన్ కాస్త ఎక్కువ అనిపించవచ్చు, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో నీ అంతట నువ్వు ఆపొద్దు.

వీసా రెన్యువల్‌లో ఏ మందులు వాడావని అడగరు. జీపీ నీ అనుమతి లేకుండా ఆఫీసుకు చెప్పరు.

సొంతూరు గుంతకల్లు, ఇప్పుడు లండన్

అక్క చెప్పినవన్నీ నిజమే. కానీ హెచ్ఆర్ దగ్గర మాత్రం నోరు విప్పొద్దు. నాతో పనిచేసిన ఒకతను మేనేజర్‌కు అన్నీ చెప్పుకున్నాడు. తర్వాత అతనికి మంచి ప్రాజెక్టు ఒక్కటీ రాలేదు, ‘నీకు స్ట్రెస్ అవుతుంది కదా’ అనే మాటతోనే పక్కనపెట్టారు. ఏడు రోజుల వరకు ఒంట్లో బాగాలేదని డాక్టరు చీటీ లేకుండా నీకు నువ్వే ధ్రువీకరించుకోవచ్చు, శని ఆదివారాలూ ఆ లెక్కలోకే వస్తాయి. అంతవరకే సెలవు పెట్టుకో.

సొంతూరు ప్రొద్దుటూరు, ఇప్పుడు స్లౌ

సెలవు సంగతి చెల్లెలు చెప్పిందే కరెక్టు, అలాగే చేయి తమ్ముడూ. కానీ హెచ్ఆర్ విషయంలో గుంతకల్లు అన్నతో నేను ఒప్పుకోను. చెప్పకపోతే వాళ్లు సాయం ఎలా చేస్తారు? ఏడాది పాటు ఉన్న, లేదా ఉండే అవకాశమున్న మానసిక సమస్య రోజువారీ పనులకు బాగా అడ్డమైతే 2010 ఈక్వాలిటీ యాక్ట్ కింద వైకల్యంగా లెక్కేస్తారు. పని వేళలు మార్చడం, ఇంటి నుంచి చేయనివ్వడం లాంటి సర్దుబాట్లు అడిగే హక్కు మొదటి రోజు నుంచే ఉంటుంది, ప్రొబేషన్‌లో కూడా. మాటల్లో అడగొద్దు, ఈమెయిల్ పెట్టు.

సొంతూరు గుంతకల్లు, ఇప్పుడు లండన్

కాగితం మీద హక్కు ఉండటం వేరు, ప్రొబేషన్‌లో ఉన్న పిల్లోడు ట్రిబ్యునల్‌కు వెళ్లడం వేరు అన్నా. ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ను చూసుకోవాలి. ఆ భయంతోనే అటాక్స్ ఇంకా పెరుగుతాయి.

సొంతూరు అనంతపురం, ఇప్పుడు అనంతపురంలోనే

నేను లీడ్స్‌లో ఉండి అమ్మానాన్నల కోసం తిరిగొచ్చినవాణ్ని. అమ్మ వచ్చేయమంటోంది అన్నావే, దాని గురించి రాస్తున్నాను. నాకు ఇక్కడికొచ్చాక కూడా అటాక్స్ వచ్చాయి. టవర్ క్లాక్ దగ్గర ఆటోలో కూర్చుని ఉండగా వచ్చింది, చుట్టూ అందరూ మనవాళ్లే, తెలుగే. ఇంట్లో కడప పెద్ద దర్గాకు తీసుకెళ్లారు. మనసుకు నెమ్మదిగానే అనిపించింది, కాదనను. కానీ తగ్గింది మాత్రం సైకియాట్రిస్ట్ దగ్గర వైద్యం చేయించుకున్నాకే. మా పక్క ఆ పేరెత్తగానే ఎర్రగడ్డ అంటారు. అందుకే చాలామంది ఏళ్ల తరబడి గుండె డాక్టర్ల చుట్టూ తిరిగి ఈసీజీలు తీయించుకుంటూ ఉంటారు. ఉద్యోగం వదిలి రావద్దు తమ్ముడూ, వైద్యం అక్కడే మొదలుపెట్టు. అమ్మగారితో 14416కు ఫోన్ చేయించు. టెలీ మానస్ అని 2022లో ప్రభుత్వం పెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కొడుకుకు ఏమైందో వాళ్లు వివరిస్తే ఆమెకు కాస్త ధైర్యం వస్తుంది.

ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే ఆల్ప్రాజోలమ్ (టెన్షన్ తగ్గించే మత్తు మాత్ర) తెప్పించుకోవాలని మాత్రం అనుకోకు.

సొంతూరు ధర్మవరం, ఇప్పుడు బర్మింగ్‌హామ్

ఆ చివరి మాట గట్టిగా వినాలి. ఆల్ప్రాజోలమ్ ఇక్కడ క్లాస్ సి డ్రగ్, అంటే చట్టం అదుపులో పెట్టిన మందు, నీ పేరు మీద ప్రిస్క్రిప్షన్ లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం. పానిక్ డిజార్డర్‌కు ఆ రకం మందులు వాడొద్దని నైస్ అనే ఇక్కడి సంస్థ డాక్టర్లకిచ్చే మార్గదర్శకాల్లోనే ఉంది, అలవాటైపోతాయి.

హెచ్ఆర్ గురించి అన్నలిద్దరూ చెప్పింది విన్నావు. నా అభిప్రాయం: రైలే కష్టమైతే జీపీని ఫిట్ నోట్ (పని చేయగలవో లేదో ఆఫీసుకు రాసిచ్చే చీటీ) అడుగు. పూర్తి సెలవే కానక్కర్లేదు, తక్కువ గంటలతోనో మార్చిన వేళలతోనో పని చేయగలడని కూడా రాయొచ్చు. కారణం అందులో ఉంటుంది, అది ఆఫీసు చూస్తుంది. ఇది తెలిసే అడుగు.

ఈలోగా రైలు పూర్తిగా మానేయొద్దు, మానితే భయం ఇంకా బిగుస్తుంది. రద్దీ లేని వేళ ఎక్కి ఒక్క స్టేషన్ వెళ్లిరా. అటాక్ వస్తే దిగిపోకుండా ఊపిరి నిదానంగా బయటికి వదులుతూ కూర్చో. పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి తగ్గుముఖం పడుతుంది. ఎప్పటిలా కాక కొత్తరకం ఛాతీ నొప్పి వస్తే మాత్రం 999కు చేసి అంబులెన్స్ పిలువు. బతకాలని లేదనిపించేంత భారంగా ఉంటే ఎన్‌హెచ్ఎస్ హెల్ప్‌లైన్ 111కు చేసి 2 నొక్కు, రాత్రయినా పలుకుతారు.

సొంతూరు కర్నూలు, ఇప్పుడు రెడింగ్

అందరికీ థాంక్స్. టాకింగ్ థెరపీస్ ఫారం ఇప్పుడే నింపాను, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని రాశాను. అమ్మకు 14416 నంబరు పంపించాను. మేనేజర్‌కు చెప్పాలా వద్దా అన్నది జీపీని కలిశాక ఆలోచిస్తాను.