కట్టెల స్టవ్ పెట్టించుకున్నవాళ్ళు హ్యాపీగానే ఉన్నారా?

నమస్తే అండీ, మేం అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో ఉంటాం, పాత ఇల్లు, ఇల్లు వెచ్చబెట్టేది ఆయిల్ ఫర్నేస్. చలికాలం బిల్లు చూస్తే గుండె గుభేల్మంటోంది, పైగా మంచు తుఫానుకి కరెంట్ పోతే ఫర్నేస్ కూడా ఆగిపోతుంది, అందుకే హాల్లో కట్టెల స్టవ్ పెట్టిద్దామని చూస్తున్నా. క్యాటలిటిక్‌దైతే (పొగని కూడా కాల్చేసే రకం) రాత్రి కట్టెలు నింపి పడుకుంటే తెల్లారేదాకా నిప్పు ఉంటుందంటున్నారు, నిజమేనా లేక షాపువాళ్ళ మాటలేనా? కట్టెల్లో తేమ 20 శాతం లోపే ఉండాలట, లేకపోతే పొగగొట్టంలో క్రియోసోట్ (తారులాంటి మసి) పేరుకుని అంటుకునే ప్రమాదం ఉందట, మరి ఎండినవే అని అమ్మేవాళ్ళని ఎలా నమ్మడం, మీరు చీల్చి తేమ మీటర్ పెట్టి చూస్తారా? బూడిద ఎత్తడం, గొట్టం క్లీనింగ్ కొన్నేళ్ళకి విసుగొస్తుందా? మా అత్తయ్యగారికి ఆయాసం, తలుపు తీసినప్పుడు పొగ ఇంట్లోకి కొడుతుందేమోనని అదొకటి భయం. వాడుతున్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.