అప్‌డేట్: పాపకు తగ్గని దగ్గు, పిల్లికూతలు – కారణం తెలిసింది

పాపకు ఈ దగ్గు, పిల్లికూతలు ఎందుకు తగ్గట్లేదని పోయిన వారం ఇక్కడ అడిగింది నేనే. మాది కావలి, పాపకు 2 ఏళ్లు. ఆడుకుంటూ ఉన్నట్టుండి పొలమారి, ముఖం నల్లబడేంతగా దగ్గింది. కాసేపటికి సర్దుకుంది కానీ ఆ రాత్రి నుంచి పిల్లికూతలు. నెబులైజర్ పెట్టినా తగ్గలేదు, ఎక్స్‌రే బాగానే ఉందన్నారు.

జవాబిచ్చిన అందరికీ దండాలు. "ఆ టైంలో ఏం తింటోంది?" అని అడిగిన అక్కకి మరీ మరీ. అప్పుడే గుర్తొచ్చింది, మా అత్త పక్కన కూర్చుని వేయించిన శనక్కాయలు ఒలుస్తా ఉంది.

ఆ మాట చెప్పగానే నెల్లూరులో డాక్టర్ గారు రెండు వైపులా స్టెత్ పెట్టి విన్నారు. కుడివైపు గాలి సరిగా వెళ్లడం లేదు. శనక్కాయ గింజ మామూలుగా ఎక్స్‌రేలో కనపడదట. ఊపిరి వదిలేటప్పుడు మళ్లీ తీస్తే, కుడి ఊపిరితిత్తిలో గాలి బయటికి రాక ఉబ్బి ఉంది. అదే రోజు మత్తిచ్చి బ్రాంకోస్కోపీ (ఊపిరి గొట్టంలోకి కెమెరా ఉన్న గొట్టం పంపి చూసి, అడ్డుపడింది తీయడం) చేశారు. 40 నిమిషాలు. పాప కాళ్ల నుంచి తీసిన పట్టీలు పిడికిట్లో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను. తర్వాత చిన్న సీసాలో చూపించారు: సగం బద్ద, తడికి ఉబ్బి ఉంది, పొట్టు ఇంకా వదల్లేదు.

అంటే పాప దగ్గుకి కారణం ఆస్తమా కాదు, ఐస్‌క్రీమ్ కాదు, దిష్టీ కాదు. పొలమారిన దగ్గు ఆగినంత మాత్రాన గింజ బయటికి వచ్చినట్టు కాదని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. మీ పిల్లలకు ఇలా అయితే ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి.

నిన్న ఇంటికొచ్చాం. రాత్రి పాప వీపుకి చెవి ఆనించి చాలాసేపు విన్నాను. కూత లేదు.