ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పోస్టర్లు: ఎవరి మొహం వెయ్యాలి, ఎవరికి చెప్పాలి?

జీడితోట:

విశాఖలో బీఎఫ్‌ఏ (చిత్రకళ డిగ్రీ) ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మాది కవిటి పక్క పల్లె. ఫైనల్ ప్రాజెక్టుకి మా ఉద్దానం కిడ్నీ జబ్బునే తీసుకున్నాను. మూడు పోస్టర్లు, ఒక పత్రిక వ్యాసానికి బొమ్మ చెయ్యాలి. సగంలో ఆగిపోయి ఇక్కడికొచ్చాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

మా వైపు తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, శ్రీకాకుళం జిల్లాలో ఇదంతా ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటలు. బస్సులోంచి చూసినవాళ్లు ఇంకో కోనసీమ అంటారు. అలాంటి చోట షుగరు, బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు పాడైపోతున్నాయి. ఎందుకో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. బోరు నీళ్లలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, తోటల్లో కొట్టే పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ చేస్తూ నీళ్లు తాగకపోవడమన్నారు, నొప్పి బిళ్లలన్నారు. శ్రీలంకలోనూ, నికరాగ్వా చెరకు కూలీల్లోనూ ఇలాంటిదే ఉంది, అక్కడా ఇదే తంతు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. పత్రికల్లో మా గురించి రాయనిది లేదు. బొమ్మలే ఎప్పుడూ ఒకలా ఉంటాయి: మంచం, సెలైను సీసా, ఎముకల గూడులాంటి ముసలాయన.

నేను ఆ మంచం వెయ్యకూడదనుకుని మొదటి పోస్టరు ఇలా చేశాను: ఒక కుళాయి, దాన్నుంచి జారే బొట్టు కిడ్నీ ఆకారంలో, ఆ బొట్టులో పుర్రె. కింద ఎర్రటి అక్షరాల్లో 'ఉద్దానం'. క్లాసులో అందరికీ నచ్చింది. సెలవులకి ప్రింటు ఇంటికి పట్టుకెళ్తే మా అత్త ఒక్క మాట అడిగింది: "ఏటే గుంటా, ఈ బొమ్మ సూసి నన్నేటి సెయ్యమంతావు?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఆవిడ వ్యంగ్యంగా అనలేదు, నిజంగానే అడిగింది.

రెండోది మా మావయ్య మొహం. డయాలసిస్ మీద ఉన్నాడు. మంచం, సూదులు లేకుండా, అరుగు మీద కూర్చుని జీడిపిక్కలు ఒలుస్తున్నట్టు గీస్తానంటే, "గియ్యమ్మా, మీసం మాత్రం నల్లగా ఉండాల" అన్నాడు. ఆయనకి ఏ అభ్యంతరమూ లేదు. కానీ ఆయన కూతురికి సంబంధాలు చూస్తున్నారు. మా ఊళ్ల పేరు చెబితేనే వెనక్కి తగ్గే జనం ఉన్నారు, ఇక తండ్రి బొమ్మే గోడ మీద ఉంటే? పిల్లని అడిగితే "నీ ఇష్టం అప్పా" అంది (మా వైపు అక్కని అప్ప అంటాం). ఆ గొంతు విన్నాక పెన్సిలు కదల్లేదు.

మూడోది అక్షరాల గొడవ. తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. సరిచేసి లావు ఫాంటు పెడితే పుట్టినరోజు ఫ్లెక్సీ వాలకం వచ్చేస్తోంది.

మనిషి మొహం లేకుండా మనిషి కష్టం చెప్పొచ్చా? పోస్టరుకీ, పత్రిక బొమ్మకీ ఒకే ఆలోచన సరిపోతుందా?


పాతబ్రష్షు:

అమ్మాయ్, విజయవాడలో గోడలకి ముప్ఫయ్యేళ్లు జిగురు పూసినవాణ్ణి, కాబట్టి గోడ దగ్గర్నుంచే మొదలెడతాను. నీ పోస్టరు ఏ గోడ మీద ఉంటుంది? అది చెప్పకుండా బొమ్మ గురించి మాట్లాడటం దండగ. కాలేజీ గ్యాలరీలో మనిషి ఆగి, తల పక్కకి వంచి చూస్తాడు. సోంపేట బస్టాండులో సంచీ పట్టుకుని, పిల్లని లాక్కుంటూ పోతాడు. వాడికి నీ బొట్టులో కిడ్నీ, కిడ్నీలో పుర్రె వెతుక్కునే తీరిక ఉండదు. పైగా పుర్రెని మనవాళ్లు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ మీద రోజూ చూస్తారు. దాని పక్కనే గేదెని కట్టేస్తారు.

మీ అత్త అడిగిందే అసలు పరీక్ష. మార్కులు ఆవిణ్ణి వెయ్యమనాలి.

మొహం సంగతి. 1943 బెంగాల్ కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్ మిడ్నపూరు ఊళ్లు నడిచి తిరిగి, సిరాతో మనుషుల్ని గీశాడు. చాలా బొమ్మల్లో ఆ మనిషి పేరు, ఊరు రాసుకున్నాడు. గుంపుని గీయలేదు, ఫలానా మనిషిని గీశాడు. ఆ బొమ్మలతో వేసిన పుస్తకం ప్రతుల్ని బ్రిటిష్ సర్కారు తగలబెట్టించింది. ఇది చదివి చాలామంది కుర్రాళ్లు 'అయితే పేరు, మొహం పెట్టడమే ధైర్యం' అనుకుంటారు. కాదు. అక్కడ కరువే లేదని బుకాయించే ప్రభుత్వం ఉంది, పేరు సాక్ష్యం. మీ ఊళ్లో జబ్బు లేదని ఎవరూ అనట్లేదు, ఊరి పేరే పిల్లల మెడకి చుట్టుకుంది. మీ మావయ్య ఒప్పుకున్నా, నష్టం వచ్చేది వేరే మనిషికి. ఆ పిల్ల గొంతు నువ్వు విన్నావు కదా, ఇంకేం కావాలి.

మొహం వద్దంటే బొమ్మ బలహీనమైపోదు. జర్మన్ చిత్రకారిణి కేథే కోల్విట్జ్ 1924లో యుద్ధం మళ్లీ వద్దని వేసిన లితోగ్రాఫ్, అంటే రాతి అచ్చు బొమ్మ, చూడు. అందులో మొహం ఉంది, నిజమే, కానీ గుర్తుండిపోయేది నిలువునా పైకి లేచిన ఆ కుడిచెయ్యి. అక్షరాలు కూడా ఆవిడే చేత్తో రాసింది, గీతా రాతా ఒకే చేతివని తెలిసిపోతుంది. మన దగ్గర ఆర్టిస్ట్ మోహన్ ఉద్యమాలకి వేసిన పోస్టర్లు దొరికితే పట్టుకుని చూడు. ఫాంటు గొడవకి నా మందు అదే: కంప్యూటరు కట్టేసి, చదును బ్రష్షుతో రాయి. మొదట్లో వంకరగా వస్తుంది. రానీ.


సోంపేట సిస్టర్:

నాకు బొమ్మల గురించి తెలీదు చెల్లీ. డయాలసిస్ వార్డులో స్టాఫ్ నర్సుని. నీ కుళాయి బొమ్మ గురించి మాత్రం చెప్పాలి. ఇప్పుడు మన ఊళ్లలో చాలా చోట్ల కుళాయిలో రావాల్సింది వంశధార నీళ్లు. బోరు నీళ్లు మాని అవి తాగండమ్మా అని ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరుగుతుంటే, నువ్వు కుళాయిలో పుర్రె పెడితే ఎలా? ముసలివాళ్లు అసలే "ఆ నీళ్లు సప్పగున్నాయి, బోరు నీళ్లే రుసి" అంటున్నారు. నీ పోస్టరు చూపించి మరీ అంటారు. నీళ్ల వల్లేనని తేలనూ లేదు, నువ్వే రాశావు కదా.

మీ అత్తకి చెప్పాల్సిన పనులు ఉన్నాయి. ఈ జబ్బు మొదట్లో ఏమీ తెలీదు. నొప్పి ఉండదు, మంట ఉండదు. కాళ్లు వాచి, ఆయాసంతో మా దగ్గరికి వచ్చేసరికి చాలా భాగం పోయి ఉంటుంది. రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, ఎంతుందో చూస్తే గానీ బయటపడదు. జీడి తోటల్లో రోజంతా వంగి ఏరినవాళ్లు సాయంత్రం దుకాణంలో నొప్పి బిళ్ల అడుగుతారు, డైక్లోఫెనాక్ లాంటివి. ఒక్కోరు రోజూ వేసుకుంటారు. జబ్బుకి మూలం అదేనని నేననను, కానీ దెబ్బతిన్న కిడ్నీకి ఆ బిళ్లలు ఇంకా చేటు, అందులో అనుమానం లేదు. ఈ ఒక్క ముక్క మందుల షాపు గోడ మీద ఉంటే మాకు సగం అరుపులు తగ్గుతాయి.

ఇంకోటి. మొహం వద్దనుకుంటే చెయ్యి గియ్యి. డయాలసిస్ వాళ్లకి ముంజేతిలో ధమనినీ సిరనీ కలిపి ఫిస్టులా చేస్తారు. కొన్నాళ్లకి అక్కడ నరం తాడులా ఉబ్బుతుంది. దాని మీద వేళ్లు పెడితే లోపల గుర్రుమని కదులుతుంది. ఆ చేతికి బీపీ చూడకూడదు, రక్తం తియ్యకూడదు, బరువు ఎత్తకూడదు, బిగుతు గాజులు వెయ్యకూడదు. మా దగ్గరికొచ్చే ఆడవాళ్లకి ఒక చేతికి గాజులుంటాయి, రెండో చెయ్యి బోసిగా ఉంటుంది. బస్సెక్కినప్పుడు ఆ చేతిని చీర కొంగు కింద పెట్టుకుంటారు, ఎవరికీ తగలకుండా, ఎవరికీ కనపడకుండా. మీ మావయ్యని అడుగు, పొద్దున లేవగానే ముందు ఆ చేతి మీద వేళ్లు పెట్టి చూసుకుంటాడు, గుర్రుమంటోందా లేదా అని. మేమే నేర్పిస్తాం అలా.


డెస్క్‌బొమ్మలు:

హైదరాబాదులో ఒక దినపత్రికకి బొమ్మలు వేస్తాను. సిస్టర్ గారు చెప్పినదాని తర్వాత పోస్టర్ల గురించి నేను కలపాల్సింది లేదు. పత్రిక బొమ్మ గురించి చెబుతాను, అది వేరే జాతి.

పోస్టరు ఒంటరిగా నిలబడాలి. పత్రిక బొమ్మ పక్కన రెండు వేల మాటల వ్యాసం ఉంటుంది. వ్యాసం చెప్పేసినదాన్ని మళ్లీ గీస్తే స్థలం వృథా. రచయిత బోర్లు, సిలికా, ఆసుపత్రి అన్నీ రాస్తారు. రాయలేనిది మీ ప్రశ్నలోనే ఉంది: "నీ ఇష్టం అప్పా". నేనైతే అక్కడ మొదలెడతాను. పెళ్లిళ్ల పేరయ్య చేతిలో అమ్మాయి బయోడేటా కాగితం. పేరు, నక్షత్రం, చదువు అన్నీ ఉన్నాయి. ఊరి పేరు మీద బొటనవేలు అడ్డం పెట్టి పట్టుకున్నాడు. అంతే. కిడ్నీ బొమ్మే అక్కర్లేదు. శీర్షికలో ఉద్దానం అన్న మాట ఎలాగూ ఉంటుంది.

కారణం తేలలేదన్న విషయం మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నట్టుంది. పోస్టరులో అది ఇబ్బందే, ఎవరి మీద వేలు చూపాలో తెలీదు. పత్రికలో అదే సరుకు. ఎడిటర్లు మాత్రం ఒక దుష్టుణ్ణి అడుగుతారు, ఫ్యాక్టరీ పొగగొట్టం వెయ్యమంటారు. ఉద్దానంలో తోటలు కదా సార్ అంటే, "పాఠకుడికి తొందరగా తెలియాలి" అంటారు. ఒప్పుకోకండి. లేని పొగగొట్టం ఒకసారి అచ్చయితే అదే సాక్ష్యమై కూర్చుంటుంది.

సాంకేతికంగా రెండు మాటలు. న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకుతుంది, సన్నటి క్రాస్ హ్యాచింగ్ (నీడ కోసం ఒకదాని మీద ఒకటి అడ్డంగా గీసే గీతలు) ముద్దయిపోతుంది. రెండు కాలమ్‌ల వెడల్పుకి తగ్గించి, మామూలు ప్రింటరులో తీసి, చేయి చాపినంత దూరంలో పెట్టి చూసుకోండి. ఒత్తులు విడిపోవడం ఫాంటు తప్పు కాదు, అడోబీ ప్రోగ్రాముల్లో పేరాగ్రాఫ్ సెట్టింగుల్లోకి వెళ్లి వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి, కొన్ని వెర్షన్లలో ముందు ప్రిఫరెన్సెస్‌లో భారతీయ భాషల ఆప్షన్ పెట్టాలి. ఫాంట్లలో రామభద్ర పోస్టరుకి లావుగా నిలబడుతుంది, కానీ ఫ్లెక్సీల వాళ్లు దాన్ని నలిపేశారు. వ్యాసం పక్కన చిన్న అక్షరాలకి మండలి హాయిగా ఉంటుంది. పోస్టరుకి మాత్రం పెద్దాయన మాటే నా మాట, చేత్తో రాయండి.


జీడితోట:

అందరికీ చాలా థాంక్స్. సిస్టర్ గారూ, కుళాయి పోస్టరు పక్కన పెట్టేశాను. మావయ్య చెయ్యి గీశాను. ఫోనులో అడిగితే నవ్వాడు, "పొద్దున్నే మోటారు ఆడతందో నేదో సూసుకోవాల గదా" అన్నాడు. మోచేతి నుంచి వేళ్ల దాకా, ఉబ్బిన నరంతో ఒక చెయ్యి. దాని మీద రెండో చేతి రెండు వేళ్లు, నాడి చూసుకుంటున్నట్టు. ఆయనదని ఎవరూ పోల్చుకోలేరు. ఇది విశాఖ, విజయవాడ గోడలకి.

ఊరికి వేరే పోస్టరు. మందుల షాపు గల్లా మీద ఒక చెయ్యి చిల్లర పెడుతోంది, అవతలి చెయ్యి బిళ్లల అట్టని కత్తిరిస్తోంది. మాటలు ఇలా అనుకున్నాను: 'రోజూ నొప్పి బిళ్లా? ముందు క్రియాటినిన్ చూపించుకో.' అత్తకి వాట్సాప్‌లో పంపితే వాయిస్ మెసేజి పెట్టింది: "ఆ పరీచ్చ ఎక్కడ సేత్తారు, డబ్బులడుగుతారా, అది రాయవే." కాబట్టి కింద ఒక వరస ఖాళీ వదిలాను, ఏ ఊళ్లో అంటిస్తే ఆ ఊరికి దగ్గరి ఆసుపత్రి పేరు, పరీక్ష చేసే రోజు స్కెచ్ పెన్‌తో రాసుకునేలా. ఆ పేర్లు, రోజులు సిస్టర్ గారినే అడుగుతాను, కాదనకండి.

బయోడేటా ఆలోచన అద్భుతం సార్, కానీ మీది. నేను వాడుకోవచ్చా? మూడో పోస్టరు ఇంకా తేలలేదు. ప్రింటు ఎలా చెయ్యాలో కూడా చెప్పండి, ఆఫ్‌సెట్ నా వల్ల కాదు.


డెస్క్‌బొమ్మలు:

నిరభ్యంతరంగా వాడుకోండి. బొటనవేలు గోరు కింద కాస్త కూడా మట్టి పెట్టకండి, పేరయ్యది శుభ్రంగా ఉండాలి.


పాతబ్రష్షు:

ఖాళీ వరస చూసి సంతోషం వేసింది, పోస్టరు అంటే అది. మూడోది తొందరపడకు, రెండు గోడ మీద ఉన్నాక అదే తెలుస్తుంది.

ప్రింటుకి శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపుకి వెళ్లు. పెళ్లి ముహూర్తాలు లేని నెలలో వెళితే వాళ్లకీ పని ఉండదు, బేరం కుదురుతుంది. డెమ్మీ సైజు, రెండు రంగులు చాలు. లేత రంగు ముందు, నలుపు తర్వాత. రెండో స్క్రీను ఎంత జాగ్రత్తగా పెట్టినా అటూ ఇటూ జరుగుతుంది, కాబట్టి నలుపు గీత లావుగా ఉంచి, లేత రంగు దాని కిందకి కొంచెం దూరేలా గీసుకో, తెల్ల సందు కనపడదు. ఆర్ట్ పేపరు వద్దు, వానకి చుట్టుకుపోతుంది. మామూలు 'మ్యాప్‌లితో' కాగితం గోడని బాగా పట్టుకుంటుంది.

జిగురుకి మైదా పల్చగా ఉడికించి, దించే ముందు చిటికెడు మైలుతుత్తం కలుపు, లేకపోతే బొద్దింకలు అంచులు తినేస్తాయి. అది విషం, వంటింటి గిన్నె వాడకు, చేతులు కడుక్కో. కాగితం వెనకా పూయి, గోడకీ పూయి. మందుల షాపువాణ్ణి మాత్రం ముందే అడిగి అంటించు. నీ పోస్టరు వాడి బేరానికి అడ్డం, రాత్రికి రాత్రే పీకేస్తాడు. వాడు ఒప్పుకోకపోతే ఎదురు గోడ చూసుకో.