తుంటి విరిగిన పెద్దవారి ఆయుష్షును రక్తపరీక్ష చెప్పగలదా?

ఎముకల వైద్యుడు:
తుంటి విరిగి చేరే వృద్ధులందరికీ హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) ఎలాగూ చూస్తున్నాం. అల్బుమిన్ డెసీలీటరుకు 3.5 గ్రాముల లోపున్నవారిలో మరణాలు ఎక్కువని అనేక అధ్యయనాలు తేల్చాయి కనుక, ఆ అంకెను బట్టి బతికే అవకాశాన్ని కుటుంబానికి ముందే చెప్పాలని నా వాదన.

మత్తు వైద్యురాలు:
సంబంధం ఉన్న మాట నిజమే, కానీ ఒక మనిషి మీద తీర్పు చెప్పడానికి అది చాలదు. అల్బుమిన్ అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం తరగడానికి పట్టే కాలం, సుమారు 20 రోజులు. పడిన మర్నాడు అది తక్కువగా కనిపిస్తే అందులో పాత తిండిలేమితో పాటు, గాయం రేపిన వాపు వల్ల రక్తనాళాల నుంచి బయటికి జారిపోయినదీ, ఎక్కించిన సెలైన్‌తో పలచబడినదీ కలిసే ఉంటాయి. హిమోగ్లోబిన్ కూడా అంతే. కీలు సంచికి వెలుపల ఎముక విరిగితే తొడ కండరాల్లోకి రక్తం కారుతూనే ఉంటుంది, అయినా వచ్చిన వెంటనే తీసిన నమూనాలో ఆ నష్టం పూర్తిగా కనబడదు.

2008లో వెలువడిన నాటింగ్‌హామ్ స్కోరునే చూడండి. 30 రోజుల్లో మరణించే ముప్పును లెక్కగట్టే ఆ స్కోరు వయసు, జ్ఞాపకశక్తి, ఇతర జబ్బులు, క్యాన్సర్, వృద్ధాశ్రమంలో ఉంటున్నారా అన్నవన్నీ అడుగుతుంది. రక్తం నుంచి అది తీసుకున్నది హిమోగ్లోబిన్ ఒక్కటే.

మా వార్డుకు వచ్చిన 81 ఏళ్ల పెద్దావిడ రిపోర్టులో అల్బుమిన్ 2.6 అని, పక్కన నల్లగా ‘ఎల్’ (తక్కువ అని గుర్తు) అని ఉంది. కొడుకు దాని మీద వేలు పెట్టి, "అయితే ఆపరేషన్ దండగేనా మేడమ్?" అని అడిగాడు. ఎవరో ఆ అంకెను అతనికి అలా చెప్పి పంపారు. ఆపరేషన్ ఆపలేదు, మూడో రోజు ఆవిడ వాకర్ పట్టుకొని మంచం చివరిదాకా నడిచింది.

ఎముకల వైద్యుడు:
ఆ కొడుక్కి అలా చెప్పడం తప్పే, ఒప్పుకుంటాను. అయితే గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ సంగతేమిటి? 17 దేశాల్లో 2,970 మందితో జరిగి 2020లో వెలువడిన హిప్ అటాక్ పరిశోధనలో, త్వరగా శస్త్రచికిత్స చేసినంత మాత్రాన మొత్తం మీద మరణాలు తగ్గలేదు. చేరేటప్పటికే ట్రోపోనిన్ పెరిగి ఉన్నవారిని విడిగా చూస్తే మాత్రం, త్వరగా చేసిన వర్గంలో మరణాలు తక్కువగా కనిపించాయి.

మత్తు వైద్యురాలు:
అది ఉపవర్గ విశ్లేషణ, అంటే పరిశోధనలోని కొందరిని మాత్రమే విడదీసి చూసిన లెక్క, ఇంకా రూఢి కావాలి. అయినా నేను కోరే సూచిక అలాంటిదే: ఎవరిని ముందు థియేటర్‌కు తీసుకెళ్లాలో చెప్పేది. అల్బుమిన్ 2.6 చూసినప్పుడు మీరు ఆ రోజు ఆవిడ కంచంలో ఏం మార్చారో నాకు చెప్పండి.