పరిశోధనకు విరాళాల నడక: కార్యకర్తల సన్నాహక చర్చ

కార్యక్రమ సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. మన సంఘం ఈసారి నిర్వహించే నడకలో పోగయ్యే విరాళాలను క్యాన్సర్ పరిశోధనకు ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది. మార్గం, అనుమతులు, బీమా పనులను ఇదివరకే పంచుకున్నాం కనుక వాటిని ఇక్కడ తిరగదోడనక్కర లేదు. సొమ్ము ఎలా చేరాలి, వేదిక మీద ఏం చెప్పాలి అన్నవే మిగిలాయి.

కోశాధికారి:
కరపత్రం ముసాయిదాలో "క్యాన్సర్ రోగుల సహాయార్థం" అని ఉంది. దయచేసి ఆ మాట మార్చండి. రోగి చికిత్స ఖర్చుకు ఆదుకోవడం వేరు, పరిశోధనకు ఇవ్వడం వేరు. రెండూ మంచి పనులే అయినా, ఒకదాని పేరు చెప్పి వసూలు చేసిన సొమ్మును రెండోదానికి పంపితే దాతలు మనల్ని నిలదీస్తారు, అందులో తప్పు కూడా లేదు. సొమ్ము అందుకునే సంస్థ దాన్ని పరిశోధనకే వాడతామని ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. దాతలు నేరుగా ఆ సంస్థ ఖాతాకే చెల్లించేలా లింకు పెడితే రసీదు వాళ్లే ఇస్తారు, మన చేతుల్లో నగదు ఆడదు. ఉద్యోగి ఇచ్చిన విరాళానికి తామూ కొంత జతచేసే కంపెనీలు ఉన్నాయి కాబట్టి, రసీదు దాచుకుని తమ ఆఫీసులో అడగమని అందరికీ చెప్పండి. బ్యానర్లు, మైకుల ఖర్చు స్పాన్సర్లే భరించాలి. విరాళాల్లోంచి తీయడానికి నేను ఒప్పుకోను.

ప్రసంగాల బాధ్యత చూస్తున్న కార్యకర్త:
కోశాధికారి గారి మాటతో ఏకీభవిస్తున్నాను. వేదిక మీద మనవాళ్లకు గుర్తుచేయదగిన సంగతి ఒకటుంది. కణాలు పెరగడానికి అవసరమైన ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే మందును అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేయగా, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు దాన్ని ల్యుకేమియాతో, అంటే రక్త క్యాన్సర్‌తో, బాధపడుతున్న పిల్లలకు ఇచ్చి, కొందరిలో జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. ఆ ఉపశమనం తాత్కాలికమే. అయినా అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల ల్యుకేమియా చికిత్సలో భాగంగా ఉంది. పరిశోధన ఇలా అంచెలంచెలుగానే సాగుతుంది. అందుకే "మీ డబ్బుతో మందు కనిపెడతారు" అని ఎవరూ మాటివ్వకూడదని నా మనవి. ఫలించని ప్రయోగానికీ ఖర్చవుతుంది, దాని వల్ల ఏ దారి మూసుకుపోయిందో తెలుస్తుంది. ఆ మాట దాతలకు దాచకుండా చెప్పడమే మర్యాద.

తెర మీద రోగుల ఫొటోలు చూపాలన్న ప్రతిపాదనకు మాత్రం నేను ఒప్పుకోలేను. అదే 1948లో ఫార్బర్ దగ్గర చికిత్స పొందుతున్న ఒక బాలుణ్ణి రేడియోలో "జిమ్మీ" అన్న మారుపేరుతోనే పరిచయం చేసి విరాళాలు కోరారు. క్యాన్సర్ పరిశోధన, చికిత్సల కోసం విరాళాలు సేకరించే జిమ్మీ ఫండ్ అలా జనంలోకి వెళ్లింది. ఆ బాలుడెవరో లోకానికి తెలిసింది 1998లో. ముఖం చూపకుండానే అంత స్పందన వచ్చినప్పుడు, మన మధ్య చికిత్సలో ఉన్నవారిని అడగడానికే నాకు మొహమాటంగా ఉంది. తమంతట తాము మాట్లాడతామని ముందుకొస్తే అది వేరే విషయం.

కార్యక్రమ సమన్వయకర్త:
ఫొటోల ప్రతిపాదనను విరమించుకుంటున్నాం. కరపత్రంలో "క్యాన్సర్ పరిశోధన కోసం" అని మారుస్తాను. సంస్థ నుంచి లేఖ చేతికి వచ్చే వరకు విరాళాల లింకును ఎవరూ, వాట్సాప్ గ్రూపుల్లో సైతం, పంచవద్దు. లేఖ తెప్పించే పని కోశాధికారి గారిది.