బెంగళూరు మిద్దె మీద చామంతి: వీధి దీపం వెలుగుకు మొగ్గ ఆగిపోతుందా?

దసరాకి కాకపోయినా కార్తీకమాసానికైనా చామంతులు విరగబూయాలని ఆశ. 10 అంగుళాల కుండీల్లో ఎర్రమట్టి 2 పాళ్లు, వర్మీకంపోస్టు 1, కొబ్బరిపొట్టు 1 కలిపి పిలకలు నాటాను. జానెడు ఎదిగాక చివర్లు తుంచాను. ఆగస్టు దాటితే తుంచను, మొగ్గలు కూడా పోతాయి కాబట్టి.

సందేహమల్లా వెలుగు గురించే. చామంతికి మొగ్గ పట్టాలంటే పొడవాటి చీకటి రాత్రి కావాలి. మా పిట్టగోడ పక్కనే ఎల్‌ఈడీ వీధి దీపం తెల్లవార్లూ వెలుగుతుంది. సాయంత్రం 6 నుంచి ఉదయం 7 దాకా నల్లగుడ్డ కప్పితే చాలా? ఎన్ని వారాలు కప్పాలి? సెప్టెంబరు వానల్లో లోపల తేమ నిలిచి ఆకుమచ్చ తెగులు వస్తుందేమోనని భయం. దీపం వైపు మాత్రమే అడ్డు కడితే సరిపోతుందా? ఇక్కడ పెంచినవాళ్లు దయచేసి చెప్పండి.